తిరుగుగాలిలో తలుపు

తుఫాను మీద పడే రోజు పొద్దున ఎంత ముద్దుగా ఉంటుందో ఆ దీవిలో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. సముద్రం మీద నూనె పోసినట్టుంది. తూనీగలు నేలకి జానెడెత్తున తిరుగుతున్నాయి. దీవి అమెరికా చేతిలోంచి మళ్ళీ జపాన్‌కి వచ్చి, డాలర్లు పోయి యెన్ వచ్చిన ఆరో ఏడు అది. చెరుకు అప్పుడే మనిషెత్తు దాటింది.

కరిమాత జెంతోకు నిచ్చెన మీద ఉన్నాడు. అరవై ఆరేళ్ళ వయసు, నోట్లో ఏడు మేకులు. నోట్లో మేకులుండగానే గంటసేపు మాట్లాడగల మొనగాడు ఆ దక్షిణ దీవులన్నిటిలో అతనొక్కడే. ఆ ఊళ్ళో తుఫానుకి ముందు ఇళ్ళకీ దుకాణాలకీ చెక్కలు కొట్టడం, కప్పుల మీద మోకులు బిగించడం అతని పని. అతను దిగ్గొట్టిన చెక్క ఊడాలంటే ఒక్క తుఫాను చాలదు, రెండు తుఫాన్లు చెరో పక్కా పట్టుకు లాగాలి. అతను మోకు కట్టిన కప్పు మీద వాలాలంటే కాకులకి భయం, కాళ్ళు ఇరుక్కుంటాయని. ఒకసారి ఠాణా కప్పు లేచిపోతుంటే ఒంటిచేత్తో మోకు పట్టుకుని, రెండో చేత్తో అట్టు తింటూ తెల్లారేదాకా నిలబడ్డాడు. ఇది అబద్ధమన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ఇళ్ళకి ఇప్పుడు కప్పులు లేవు.

కింద నిలబడి చెక్కలు అందిస్తున్నది అతని కూతురు కయో. ఇరవై ఏడేళ్ళది. పెళ్ళి మాటెత్తితే సుత్తి చూపిస్తుంది. ప్రతి చెక్కా బిగించాక వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి వింటుంది. రెండు దెబ్బలు గబగబా, ఒకటి ఆగి. టక్‌టక్... టక్. చెక్క గట్టిగా కూర్చుంటే ఒక చప్పుడు, వదులైతే ఇంకో చప్పుడు. అలా తట్టడం వాళ్ళమ్మ తోమి నుంచి వచ్చింది. కూతురు తట్టినప్పుడల్లా జెంతోకు మొహం పక్కకి తిప్పుకుంటాడు. ఊరంతా దుమ్మనుకునేది.

అప్పుడు వాళ్ళు కొడుతున్నది నాబే అవ్వ ఇంటికి. తొంభై ఏళ్ళ అవ్వ వాకిట్లో చాప మీద కూర్చుని ఇద్దరికీ పనులు చెబుతోంది.

"అవ్వా, మూట కట్టుకో. గిడ్డంగికి పోదాం," అంది కయో.

"నేను రాను పోవే. ఆ గిడ్డంగిలో చేపల కంపు, మీ నాన్న కోతలు. రెండిట్లో ఏది ఎక్కువో తేల్చుకోలేక అక్కడే చస్తాను."

"నా మాటలు కోతలా!" నిచ్చెన మీంచి అరిచాడు జెంతోకు. "ఈ ఊళ్ళో నేను కొట్టిన తలుపు ఒక్కటి కదిలిందా, చెప్పు?"

అవ్వ గుడ్డి కళ్ళు అతని వైపు తిప్పి, చాలాసేపు అలాగే ఉంచింది.

కయో పడమటి కిటికీ తట్టింది. ఇంకోసారి తట్టింది. "నాన్నా, ఇది బోలుగా ఉంది."

"నేను కొట్టింది బోలుగా ఉండటమేంటి? పద, దుకాణం మిగిలుంది."

మధ్యాహ్నానికి తూర్పుగాలి మొదలైంది.

ఊళ్ళో రాతిగోడలున్న కట్టడం చేపల సంఘం గిడ్డంగి ఒక్కటే. రేకుల ఇళ్ళవాళ్ళు ఇరవై ఆరుగురు అందులో చేరారు. ఒకటే తలుపు, అదీ పడమటికి. పక్కకి జరిపే తలుపు, నాలుగంగుళాల మందం, లోపల ఇనప గడియ. ఆడవాళ్ళు పొయ్యి రాజేసి, పిండిలో ఉల్లికాడలు కలిపి అట్లు పోస్తున్నారు. తుఫాను నాడు ఆ అట్లు తినని ఇల్లు ఆ దీవిలో లేదు. బయట ప్రపంచం చిరిగిపోతోంది. మోకులు మూలుగుతున్నాయి. చూరు కింద గాలి ఈల వేస్తూ, అంతలో గొంతు మార్చి పసిపిల్లలా ఏడుస్తోంది. తడి వలల వాసన, కిరసనాయిలు వాసన.

"తాతా, ఆ కథ చెప్పు," అన్నారు పిల్లలు.

జెంతోకు బతిమాలించుకోలేదు. లేచి నిలబడ్డాడు, చేతులు చాపాడు. పద్దెనిమిదేళ్ళ కిందట వచ్చిన పెద్ద తుఫాను కథ. ఇదే గిడ్డంగి, లోపల ముప్పై ఒక్క మంది. గాలి ఏనుగై వచ్చి తలుపుని గుద్దింది. జెంతోకు వీపు ఆనించి నిలబడ్డాడు. తలుపు ఇంత లోపలికి వంగిందట, అతని పాదాలు నేలలో మూరెడు దిగిపోయాయట. "తెల్లారింది. ముప్పై ఒక్క మందీ బతికున్నారు. ఎందుకు?" అని ఆగి, చుట్టూ చూసి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "నా తలుపు కదల్లేదు!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. కథ అక్కడికి వచ్చేసరికి కయో ఎప్పుడూ మంచినీళ్ళకి లేస్తుంది. ఆ రోజూ లేచింది.

అతను వదిలేసే ముక్క ఇది.

ఆ తుఫానులో, గాలి ఆగిన నడిమి వేళ, తోమి సుత్తి పట్టుకుని నాబే అవ్వ కిటికీ బిగించి వస్తానని పరిగెత్తింది. ఎడమచేతి వాటం మనిషి. ఆమె కొట్టిన మేకుల తలలన్నీ ఎడమకి వాలి ఉండేవి. పని చేస్తున్నంతసేపూ బుగ్గన నల్లబెల్లం ముక్క ఉండేది. ఆమె తిరిగి వచ్చేలోపే గాలి మళ్ళీ లేచింది.

నడిమి వేళ దాటాక వచ్చేదాన్ని తిరుగుగాలి అంటారు. పడమటి నుంచి వస్తుంది, మొదటిదానికి రెట్టింపు. దానికి ఎదురుగా ఉన్న తలుపు జానెడు తెరిచినా గాలి లోపలికి దూరి కప్పుని పైకి ఎగేస్తుంది, గోడలు లోపలివాళ్ళ మీద పడతాయి. అందుకే తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. తిరుగుగాలిలో ఎవరు తట్టినా తలుపు తీయకూడదు. కన్నబిడ్డ తట్టినా సరే.

ఆనాడు తలుపు మీద చప్పుడైంది. టక్‌టక్... టక్.

ముప్పై మందీ జెంతోకు వైపు చూశారు. తొమ్మిదేళ్ళ కయో అతని చొక్కా పట్టుకుని అడిగింది, "అమ్మేమో నాన్నా?"

అతను తలుపుకి వీపు ఆనించాడు. "ఎవరూ లేరు," అన్నాడు. "గాలే."

మూడో రోజున మొగలి పొదల్లో తోమి దొరికింది. సుత్తి దొరకలేదు.

* * *

మూడు గంటల వేళ గాలి ఆగింది. తగ్గడం కాదు, ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగింది.

తలుపు జరిపారు. ఆకాశంలో బావి లాంటి నీలం. చుట్టూ మబ్బులు గోడలా నిలబడ్డాయి. తెగిన ఆకుల వాసన ముక్కులు పగిలేలా కొట్టింది. అలిసిపోయిన సముద్రపు పిట్టలు వాకిట్లో పడి ఉన్నాయి, మనుషులు నడుస్తున్నా లేవడం లేదు. మగవాళ్ళు మాటామంతీ లేకుండా అడ్డకర్రలు తూర్పు నుంచి పడమటికి మార్చుతున్నారు. అరగంట ఉంటుంది. ఒక్కోసారి అదీ ఉండదు.

కయో సుత్తి నడుముకి దోపుకుంది.

"ఎక్కడికి?"

"అవ్వ కిటికీ బోలుగా ఉందని చెప్పానుగా. అది పడమటిది. తిరుగుగాలికి ఆగదు."

"వద్దు."

"రెండు మేకులు నాన్నా. వెళ్ళి కొట్టి వచ్చేస్తా."

"మీ అమ్మా ఇదే మాట అంది."

కయో ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ళలో అతని నోట అమ్మ అన్న మాట అదే మొదలు.

"అయితే అవ్వని గాలికి వదిలేయమంటావా?"

"నే పోతా."

"నువ్వా? పొద్దున నిచ్చెన దిగడానికి ఎంతసేపు పట్టిందో చూశాగా." నవ్వబోయింది, నవ్వు రాలేదు. తలుపు దాటి, వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి అడిగింది. "నాన్నా... నేనొచ్చి తడితే తీస్తావా?"

"తీస్తా."

"కప్పు లేచిపోయినా?"

"తీస్తానన్నాగా! వెళ్ళి తొందరగా రా."

ఆమె చెరుకు పక్క సందులోకి పరిగెత్తింది. సందుకి అటూ ఇటూ రాతి పిట్టగోడలు. మడమల దగ్గర బురద ఎగరడం మలుపు దాకా కనిపించింది.

జెంతోకు వాకిట్లో నిలబడి సందునే చూస్తున్నాడు. ఇరవై నిమిషాలు కూడా కాలేదు. పడి ఉన్న పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి.

"లోపలికి! లోపలికి!" సంఘం గుమాస్తా మియారా అతని రెక్క పట్టి లాగాడు. తలుపు జరిగింది, గడియ పడింది. మరుక్షణం పడమటి నుంచి తిరుగుగాలి కొండలా వచ్చి గోడకి గుద్దుకుంది. పొయ్యిలో బూడిద పైకి లేచింది. దీపం ఆరింది.

చీకట్లో జెంతోకు తలుపుకి చెవి ఆనించాడు. గాలి... రాళ్ళు పడుతున్న చప్పుడు... రేకు ఎక్కడో దొర్లుతోంది... ఇంకేమీ లేదు. ఇంకేమీ...

టక్‌టక్.

...టక్.

"తాతా," ఒక పిల్ల గొంతు చీకట్లోంచి వచ్చింది. "ఎవరో తడుతున్నారు."

అతని నోరు తెరుచుకుంది. ఆ పాత మాటలు నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. మూడే మాటలు. అవి అంటే చాలు, ఇరవై నలుగురు ఊపిరి పీల్చుకుంటారు.

మియారా అతని పక్కకి పాక్కుంటూ వచ్చాడు. అతనికి ఇద్దరు పిల్లలు, ఇద్దరూ అక్కడే ఉన్నారు. "జెంతోకు మావా," అన్నాడు గుసగుసగా. "తీయకు. నీకు దణ్ణం పెడతా. తీయకు."

టక్‌టక్... టక్.

"నా కూతుర్రా," అన్నాడు జెంతోకు.

మియారా చేతులు అతని చొక్కా మీద ఒక్క క్షణం బిగుసుకున్నాయి. తర్వాత వదిలేశాయి. అతను వెనక్కి పాకి పిల్లల మీద బోర్లా పడుకున్న చప్పుడు వినిపించింది. ఒక్కొక్కరే అలా పడుకున్నారు. పెద్దలందరూ పిల్లల మీద. ఎవరూ తిట్టలేదు. పద్దెనిమిదేళ్ళ కిందట లోపల ఉన్నవాళ్ళు అందులో తొమ్మిది మంది ఉన్నారు. ఆనాటి టక్‌టక్ వాళ్ళూ విన్నారు. గాలి అంటే గాలి అని తలలూపినవాళ్ళు.

జెంతోకు గడియ ఎత్తాడు. రెండు చేతులా తలుపు పట్టి జరిపాడు.

కదల్లేదు.

కాలు గోడకి తన్నిపెట్టి లాగాడు. పడవని ఒంటరిగా ఒడ్డుకి లాగిన చేతులవి. ఈ మాటలో కోత లేదు. తలుపు వెంట్రుకవాసి కదల్లేదు.

అప్పుడు బయట సుత్తి దెబ్బ వినిపించింది.

ఒకటి. రెండు. మూడు. మేకు దిగింది.

ఆగింది. మళ్ళీ ఒకటి... రెండు... మూడు.

"కయో!" తలుపుని గోళ్ళతో గీరాడు. "కయో, ఆగవే! తీస్తున్నా! తీస్తున్నానే తల్లీ!"

మూడో మేకు దిగింది. నాలుగోది దిగింది. అంత గాలిలో తలుపు సందులోంచి వాన చుక్క రాలేదు. ఒక ఊపిరి వచ్చింది. వెచ్చగా వచ్చి అతని చెంపకి తగిలింది.

నల్లబెల్లం వాసన.

"తోమీ..." అన్నాడు.

ఆ తర్వాత ఎవరూ తట్టలేదు.

* * *

తెల్లవారి కిటికీ చెక్క విరగ్గొట్టి బయటికి వచ్చారు. ఇరవై ఐదుగురూ క్షేమం. చెరుకంతా పడుకుంది. కయో వెళ్ళిన సందు లేదు. రెండు పక్కల పిట్టగోడలూ కూలి సందుని పూడ్చేశాయి.

అందరూ ఆ రాళ్ళ వైపు చూస్తుంటే జెంతోకు తలుపు వైపు చూశాడు. తలుపుకీ ద్వారబంధానికీ కలిపి నాలుగు మేకులు. నాలుగు తలలూ ఎడమకి వాలి ఉన్నాయి. వాటి మీద సముద్రంలో పడవల అడుగున పట్టే గుల్లలు తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి. ఏళ్ళ తరబడి నీళ్ళలో ఉంటే తప్ప అలా పట్టవు.

జెంతోకు ఆ మేకుల్ని ఎరుగును.

పద్దెనిమిదేళ్ళ కిందట, ఆ తెల్లవారి కూడా తలుపు కదల్లేదు. అతను అందరికంటే ముందు కిటికీలోంచి దూకి చూశాడు. నాలుగు మేకులు, తలలు ఎడమకి. తోమి తట్టింది. లోపల మాట విన్నది. అయినా వెళ్ళిపోలేదు. వంగిపోతున్న తలుపుకి ఆ గాలిలో ఒంటరిగా నిలబడి బయట నుంచి మేకులు కొట్టింది. అతని వీపు కాదు ఆ తలుపుని ఆపింది. అతను ఆ నాలుగు మేకులూ పీకి, ఎవరూ చూడకముందే సముద్రంలో విసిరేశాడు. ఆ సాయంత్రమే మొదటిసారి అన్నాడు, నా తలుపు కదల్లేదు అని. తర్వాత ఆపడం చేతకాలేదు.

కూలిన రాళ్ళ మీంచి చేతులూ కాళ్ళూ కొట్టుకుపోతూ నాబే అవ్వ ఇంటికి పాకాడు. లోపల నుంచి కయో గొంతు వినిపించింది. దీవి దీవంతా వినిపించే గొంతు.

"ఎవడ్రా అది! ఎవడ్రా బయట నుంచి మేకులు కొట్టింది! చేతులు విరిగిపోనూ!"

అతను వాకిట్లో కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

మియారా వచ్చి మేకులు పీకాడు. కయో బయటికి వచ్చి తండ్రిని చూసి, తిట్లు మింగింది. "కిటికీ కొట్టేసి, అవ్వకి చెప్పడానికి లోపలికి వెళ్ళి, బయల్దేరబోయాను నాన్నా. తలుపు రాలేదు. బయట ఎవరో కొడుతున్నారు. నువ్వే వచ్చావనుకున్నా." కూలిన సందు చూసింది.

నాబే అవ్వ గడప దగ్గరికి జరిగి జెంతోకు చెయ్యి వెతికి పట్టుకుంది. "ఎడమచేతి దెబ్బ," అంది మెల్లగా. "నాకు కళ్ళు లేవు గానీ చెవులున్నాయిరా."

"నా కోసం తలుపు తీయబోయావని మియారా అన్నాడు. తీయబోయావా?" అడిగింది కయో.

"తీయబోయాను."

"నిజం చెప్పు. కోతలు కాదుగా?"

"కాదే."

ఆమె అతని గాయాల మీద తన తలగుడ్డ చుట్టింది. "ఇంటికి వెళ్ళి పడుకో. అవ్వకి అట్టు పోసి వస్తా."

అతను ఒక్కడే ఇంటికి నడిచాడు. దారిలో మనసు తేలికైంది. తోమి తన కూతుర్ని కాచింది. తనకి ఇంకో అవకాశం ఇచ్చింది, తను గడియ ఎత్తాడు. ఇంట్లో పూజగూట్లో ఆమె పేరు రాసి ఉంచిన చెక్క ముందు అగరువత్తి వెలిగించి, ఆ నాలుగు మేకుల సంగతి నోటితో చెప్పాలి. తర్వాత ఊరందరికీ చెప్పాలి. ఆ మాటలే కూడబలుక్కుంటూ వాకిట్లోకి అడుగుపెట్టాడు.

ఇల్లు చెక్కుచెదరలేదు. కప్పు మీద మోకు కూడా సడలలేదు.

కానీ నిన్న పొద్దున తను కిటికీలకి బయట నుంచి కొట్టిన చెక్కలు ఇప్పుడు వాకిట్లో ఉన్నాయి. ఎగిరిపడలేదు, విరగలేదు. ఒకదాని మీద ఒకటి, తను వాటి మీద వేసిన అంకెల వరసలోనే పేర్చి ఉన్నాయి.

తలుపు చుట్టూ మేకుల మొనలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. కిటికీల చుట్టూ కూడా. ముళ్ళలా, పదులకొద్దీ.

మేకులు లోపల నుంచి కొట్టారు.

జెంతోకు గడప దగ్గర నిలబడ్డాడు. ఎండ తీక్షణంగా ఉంది. ఎక్కడా గాలి లేదు. తలుపు జరిపి చూశాడు. కదల్లేదు.

చెయ్యి ఎత్తాడు. కణుపులు తలుపుకి ఆనాయి. వద్దనుకున్నాడు. అయినా తట్టాడు.

టక్‌టక్... టక్.

లోపల చాప మీద అడుగులు పడ్డాయి. తలుపు దాకా వచ్చి ఆగాయి. చిన్న అడుగులు కొన్ని, పెద్దవి కొన్ని.

"నాన్నేమో అమ్మా?" ఆనాటి తొమ్మిదేళ్ళ కయో గొంతు.

తలుపుకి అవతల ఎవరో వీపు ఆనించిన చప్పుడు. చెక్క చిన్నగా మూలిగింది. నల్లబెల్లం వాసన.

"ఎవరూ లేరు," అంది తోమి. "గాలే."

వాకిట్లో ఎండుటాకు కూడా కదల్లేదు.